బ్యాడ్జీ కింద బ్యాడ్జీ

దర్జీ ఉదయం తొమ్మిదీ ఇరవైకి చనిపోయాడు.

అతను నిజంగా దర్జీ కాదు, పదకొండేళ్లుగా గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషి. అయినా అతను కుట్టిన ప్యాంటు బిగుతైందని ఎవరూ తిరిగి వచ్చింది లేదు. అలాంటివాణ్ని సొంత షాపులోనే, ట్రయల్ రూమ్ కర్టెన్ వెనక, సైలెన్సర్ పెట్టిన పిస్టల్‌తో ఎవరో కాల్చేసి, షాపు తలుపు పద్ధతిగా దగ్గరికి వేసి మరీ వెళ్లారు.

పెద్దాయన కుట్టుమిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌ని ఇరవై ఏళ్లుగా నడుపుతున్న ఆయనకి నవ్వు రాదు, జలుబు రాదు, జాలి అసలే రాదు. చేతిలో కొలత టేపు పట్టుకుని దాని వెనకవైపు చూపించాడు. బాల్‌పెన్నుతో దర్జీ గబగబా రాసిన మూడు ముక్కలు. ‘11.30. విజిటర్ల హాలు. పదిహేడు.’

ఎదురుగా నిలబడ్డవాణ్ని డిపార్ట్‌మెంట్‌లో ముంగిస అంటారు. పొట్టిగా, సన్నగా ఉంటాడు. పట్టుకుంటే వదలడు. పైకి మాత్రం డిపార్ట్‌మెంట్ బిల్డింగులో కేబుళ్లు లాగే మెయింటెనెన్స్ మనిషి. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, భుజాన టూల్ బ్యాగు.

"పదిహేడు అంటే అర్థమైందా?" అన్నాడు పెద్దాయన.

అర్థమైంది. శత్రుదేశంలో మారుపేర్లతో బతుకుతున్న పదిహేడు మంది ఏజెంట్ల జాబితా. అసలు పేరు, మారుపేరు, అడ్రసు, అన్నీ ఒకే కాగితం మీద. ఆ కాగితం అవతలివాళ్ల చేతికి చిక్కితే సాయంత్రానికల్లా పదిహేడు శవాలు లేస్తాయి. అందులో తొమ్మిదో పేరు ముంగిస సొంత అక్కది. ఈ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఆ ఇద్దరూ ఇప్పుడు ఈ షాపులోనే ఉన్నారు.

"సర్వర్ తీగ పీకేద్దాం సర్."

"వీల్లేదు. సరిగ్గా పదకొండున్నరకి మీ అక్క బోర్డర్ దాటుతోంది. చెక్‌పోస్టులో ఆమె పాస్‌పోర్టు నిజమైందేనని చెప్పాల్సింది మన సర్వరే. తీగ తెగితే అక్కడే అరెస్టు. వాళ్లు ఆ టైమే ఎంచుకున్నారంటే, ఎవరో ఒక ఏజెంట్ అప్పుడు దాటుతున్నట్టు మనవాడెవడో చెప్పాడు."

"ఎవడు సర్?"

"రహస్య ఫైళ్లుండే వాల్ట్‌లో కూర్చునేది ముగ్గురం. నేను, స్టెనో, మీ బావ. ముగ్గురినీ అనుమానించు. నన్ను కూడా." పెద్దాయన టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. "ఇంకో మాట. ఆ జాబితా బయటికొస్తే నీ మొహం నాకు చూపించకు."

ముంగిసకి ఒళ్లు మండింది. ఆ మాట చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన ప్రతిసారీ చెవి మెలేసి లాక్కెళ్లిన అక్క అది. ఆమె లేకపోతే అతను సంతకం పెట్టడం కూడా నేర్చుకునేవాడు కాదు.

* * *

డిపార్ట్‌మెంట్ బిల్డింగు ఒకప్పుడు జైలు. దాని గోడలు మూడడుగుల మందం. సర్వర్ రూమ్, దాని పక్కనే వాల్ట్, రెండూ నడిమి గోడకి అవతల ఉన్నాయి. విజిటర్ల హాలూ ఆఫీసూ ఇవతల. గోడకి డ్రిల్లు వేయబోయి నాలుగు బిట్లు విరగ్గొట్టుకున్నాక ఒక్కటంటే ఒక్క కన్నం పడింది. అందులో పట్టింది ఒక్క తీగ. ఆ తీగ మీదే మొత్తం నడుస్తోంది.

తీగకి ఇవతలి కొస, నెట్‌వర్క్ లైన్లన్నీ కలిసే స్విచ్ ఉన్న స్విచ్ రూమ్‌లో ఉంది. అక్కడ కేబుల్ బాబాయి ఉన్నాడు. అరవై దాటాయి, మోకాలు అరిగింది, ముక్కు మీద కోపం మాత్రం అరగలేదు.

"పైన గాలి ఎలా ఉంది?" అన్నాడు ముంగిస. అది కోడ్ వర్డ్.

"నీ కోడ్ వర్డులు నాకు గుర్తుండవురా. పనేంటో చెప్పి తగలడు."

"బాబాయ్, ఈ ఒక్క తీగ మీద మూడు నెట్‌వర్కులు ఎలా నడుపుతున్నారు?"

బాబాయి స్క్రూడ్రైవర్‌తో రాక్‌లోని పసుపు తీగని తట్టాడు. "విజిటర్లది పది. ఆఫీసుది ఇరవై. వాల్ట్‌ది ముప్పై, ఇటు పెద్దాయన గదికీ అదే. మూడు సబ్‌నెట్లు. ఒకదానికొకటి మొహం చూసుకోవు. కానీ సర్వర్ ఒక్కటే, అందరికీ అదే కావాలి. అందుకని ప్రతి ప్యాకెట్, అంటే తీగలో పోయే ప్రతి కబురు, దాని మెడలో ఒక ట్యాగ్ వేస్తాం. నంబరున్న బ్యాడ్జీ అనుకో. ముగ్గురూ ఒకే వరండాలో నడుస్తారు. అవతల సర్వర్ బ్యాడ్జీ చూసి పదివాణ్ని పది గదిలోకీ, ముప్పైవాణ్ని ముప్పై గదిలోకీ పంపుతుంది. తీగ ఒకటే, గదులు మూడు."

"అందరికీ బ్యాడ్జీ ఉంటుందా?"

బాబాయి చూపు రాక్ వైపు జారింది. ముంగిస రాక్ మీదికి వంగాడు. తీగ దిగిన పోర్టు పక్కన మాసిపోయిన స్టిక్కరొకటి ఉంది. దాని మీద బాబాయి చేతిరాత. ‘పది - ట్యాగ్ లేదు - తాత్కాలికం.’ కింద తారీఖు. ఆరేళ్ల కిందటిది.

"ఇదేంటి బాబాయ్?"

"సర్వర్ పెట్టిన రోజు దానికి ట్యాగులు అర్థమయ్యేవి కావు. ముందు బ్యాడ్జీ లేకుండా ఒక్క నెట్‌వర్కైనా నడవాలి కదా. పదిని వదిలేశా. బ్యాడ్జీ లేనివాడు ఎవడొచ్చినా విజిటరే అనుకోమని చెప్పా. మర్నాడు మారుద్దామనుకున్నా." మీసం నిమురుకున్నాడు. "మర్నాడు ఇంకేదో పని పడింది."

ఆరేళ్లుగా మర్నాడు రాలేదు. ముంగిస తిట్టబోయి ఆగాడు, తిట్టడానికి టైము లేదు. గడియారం పదీ నలభై చూపిస్తోంది.

* * *

విజిటర్ల హాల్లో సోఫాలు, నీళ్ల కూలరు, గోడ పొడవునా నలభై నెట్‌వర్క్ పోర్టులు ఉన్నాయి. మూల సోఫాలో ఆడిట్ మేడమ్ కూర్చుని ఉంది. ఎర్ర సిల్కు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, నడిస్తే నాలుగు గదులకి వినిపించే హీల్స్. సిస్టమ్స్ ఆడిటర్‌నంటూ నెలకోసారి వస్తుంది. నిజానికి ఆమె డిపార్ట్‌మెంట్‌కీ పనిచేస్తుంది, అవతలివాళ్లకీ పనిచేస్తుంది. ఈ సంగతి రెండువైపులా తెలుసు. రెండువైపులా ఆమెని వదులుకోలేరు.

ముంగిస ఆమె పక్కనున్న పోర్టు మూత విప్పుతున్నట్టు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"దర్జీని మీరే చంపారా?"

"నేను మనుషుల్ని చంపను. మాటలు చేరవేస్తాను." ఆమె మ్యాగజైన్ పేజీ తిప్పింది. "మీ సగం మీకు చెప్పడానికే వచ్చాను. ఈ గోడలో ఏదో పోర్టు వెనక అగ్గిపెట్టెంత డబ్బా ఉంది. ఎక్కడుందో నాకూ తెలీదు. పదకొండున్నరకి అది ఒకే ఒక్క మాట పంపుతుంది."

"హాల్ కరెంటు తీసేస్తాను."

"తీసేయండి. అది రెండు సెకన్లకోసారి సర్వర్‌ని పలకరిస్తూ ఉంటుంది. మూడుసార్లు జవాబు రాకపోతే బయటున్న వాళ్లకి రేడియోలో సిగ్నలిస్తుంది. లోపలున్న మీ దొంగ జాగ్రత్తపడతాడు. ఇంకో రోజు, ఇంకో దారిలో వస్తాడు. ఆ దారి నేను మీకు చెప్పకపోవచ్చు."

"ఆ మాట పంపాక జాబితా ఈ డబ్బాలోకే వస్తుందా?"

"అదే విచిత్రం. జవాబు దానికి రాదట. పంపడమే గానీ తీసుకోవడం లేదు." ఆమె లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "మీ సగం అయిపోయింది. మిగతా సగం వాళ్లది."

"ఎందుకీ బతుకు మీకు?"

"ఇద్దరికీ సగం సగం చెప్తాను కాబట్టే ఇంకా బతికున్నాను." హీల్స్ టకటకమంటూ దూరమయ్యాయి.

* * *

స్విచ్ రూమ్‌లో ముంగిస చెప్పిందంతా విన్నాక బాబాయి మొహం పాలిపోయింది.

"బ్యాడ్జీ కింద బ్యాడ్జీ," అన్నాడు మెల్లగా. "అమ్మ దొంగా. ప్యాకెట్‌కి పైన పది, కింద ముప్పై, రెండు ట్యాగులు వేసి పంపుతున్నాడు. ఇక్కడ నా స్విచ్ చూసి, ఓహో పది నంబరా, పదికి బ్యాడ్జీ అక్కర్లేదు కదా అని పైది తీసేస్తుంది. అడుగున ముప్పై బయటపడుతుంది. అవతల సర్వర్ అది చూసి వాల్ట్ మనిషే వచ్చాడని లోపలికి పంపేస్తుంది."

"జవాబు?"

"జవాబు వాల్ట్ వైపే పోతుంది. ఇటు తిరిగి రాదు. వెళ్లడమే ఉంది, రావడం లేదు."

ముంగిస టూల్ బ్యాగు మీద కూర్చుండిపోయాడు. జవాబు ఇటు రానప్పుడు ఏం అడుగుతారు? జవాబు ఇటు రానక్కర్లేనిదే అడుగుతారు. జాబితాని వాల్ట్‌లోనే ఉంచి, అక్కడే చేతికి అందేలా చేసే మాట ఏదో...

"బాబాయ్, వాల్ట్‌లో ప్రింటరుందా?"

"ఉంది. ముప్పై లోపలినుంచి ప్రింట్ అని ఒక్క మాట వస్తే చాలు, సర్వర్ జాబితా కొట్టేస్తుంది. పెద్దాయన అలా పెట్టించాడు. ముప్పైలో ఉన్నవాడు మనవాడే కదా అని."

అదన్నమాట. వాల్ట్‌లో ఎవరు ఏ కీ నొక్కినా వాళ్ల పేరుతో రికార్డవుతుంది. అందుకే లోపలి దొంగ తను నొక్కడు. బయటి డబ్బా చేత నొక్కిస్తాడు. తను ప్రింటర్ దగ్గర నిలబడి కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. పెద్దాయనకి ఫోన్ చేసి చెబుదామంటే ఆయన్నీ అనుమానించమన్నది ఆయనే.

"ఆ స్టిక్కర్ పని ఇప్పుడు చేద్దాం బాబాయ్. పదికి కూడా బ్యాడ్జీ వేసేద్దాం."

"వేస్తే పై ట్యాగ్ అలాగే ఉంటుంది. సర్వర్ దాన్ని విజిటరనుకుని విజిటర్ల గదిలోనే పడేస్తుంది. అడుగున ఏముందో ఎవరూ చూడరు." బాబాయి కళ్లు వెలిగి, వెంటనే ఆరిపోయాయి. "కానీ రెండు కొసలా ఒకేసారి మార్చాలి. ఒక కొస ముందు మారితే విజిటర్ల లైను చచ్చిపోతుంది, డబ్బా అరుస్తుంది. సర్వర్‌ని దాని కీబోర్డు మీదే మార్చాలి, అక్కడికి నేను వెళ్లాలి. గోడ మూడడుగులే, కానీ చుట్టూ మూడు గేట్లు, మూడు చెకింగులు. నా మోకాలితో పావుగంట."

పదకొండూ పన్నెండు.

"అక్కడికి వెళ్లి కన్నం పక్కన గోడ మీద తట్టండి. మూడోసారి తట్టగానే ఇద్దరం ఎంటర్ కొడదాం."

బాబాయి తలుపు దగ్గర ఆగాడు. "నాకు అరవై రెండేళ్లు. ఇలా పరిగెత్తించినందుకు నిన్ను క్షమించను."

"స్టిక్కర్ అంటించింది నేను కాదు బాబాయ్."

ముసలాయన గొణుక్కుంటూ కుంటుకుంటూ వెళ్లాడు.

* * *

పదకొండూ ఇరవై ఏడు. ముంగిస కమాండ్ టైప్ చేసి పెట్టుకున్నాడు. ఎంటర్ ఒక్కటే మిగిలింది. గోడ చప్పుడు చేయడం లేదు.

వెనక తలుపు తెరుచుకుంది. హీల్స్.

"చేతులు కీబోర్డు మీంచి తీయండి," అంది ఆడిట్ మేడమ్. ఆమె చేతిలో కళ్లద్దాల కేసుంది. కేసు మూతలోంచి చిన్న పిస్టల్ గొట్టం కనిపిస్తోంది.

ముంగిస చేతులెత్తాడు. "ఇది వాళ్ల సగమా?"

"పదకొండున్నర దాకా స్విచ్‌ని ఎవరూ ముట్టుకోకుండా చూడమన్నారు. మూడు నిమిషాలు కూర్చోండి. తర్వాత మీ దారి మీది."

"ఆ పదిహేడు మందిలో ఆడవాళ్లు కూడా ఉన్నారు."

"నా దగ్గర ఆ మాటలు పనిచేయవు."

"పనిచేయవని తెలుసు. టైము గడవాలి కదా, ఏదో ఒకటి మాట్లాడాలి."

పదకొండూ ఇరవై ఎనిమిది. ముంగిసకి భయమేసింది. తన కోసం కాదు. ఎక్కడో చెక్‌పోస్టు ముందు బస్సు క్యూలో నిలబడి, చేతిలో దొంగ పాస్‌పోర్టుతో, ఏమీ తెలియనట్టు మొహం పెట్టుకున్న అక్క కళ్ల ముందు మెదిలింది. బాబాయి ఏ గేటు దగ్గర ఆగిపోయాడో. మోకాలు మొరాయించిందో.

పదకొండూ ఇరవై తొమ్మిది. యాభై సెకన్లు.

టక్.

ఆమె ఉలిక్కిపడింది. గోడలోంచి చప్పుడు రావడం ఎవరికైనా కొత్తే.

టక్.

"ఎవరక్కడ?" పిస్టల్ గోడవైపు తిరిగింది.

టక్.

ముంగిస ఎత్తిన చేతులు దించలేదు. ముందుకి తూలినట్టు వంగి మోచేత్తో ఎంటర్ కొట్టాడు. పోర్టు మీద ఆకుపచ్చ లైటు ఒక్కసారి రెప్ప వేసింది. మళ్లీ వెలిగింది. అప్పటికే అతను రాక్ మీంచి అందుకున్న, కేబుళ్లు కట్టే నల్ల ప్లాస్టిక్ టై ఆమె మణికట్టునీ రాక్ కమ్మీనీ కలిపి బిగుసుకుంది. కళ్లద్దాల కేసు కింద పడింది.

పదకొండున్నర. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం అంత హాయిగా ఉంటుందని ముంగిసకి ఇంతకుముందు తెలియదు.

"ఏం చేశారు?" అంది ఆమె పళ్లు నూరుతూ.

"ఆరేళ్ల కిందట తగిలించాల్సిన బ్యాడ్జీ ఇప్పుడు తగిలించాను."

* * *

మూడు గేట్లు దాటడానికి ముంగిసకి ఏడు నిమిషాలు పట్టింది. సర్వర్ రూమ్‌కీ వాల్ట్‌కీ మధ్య అద్దం ఉంది. బాబాయి అద్దానికి ముక్కు ఆనించి ఆయాసపడుతున్నాడు. స్క్రూడ్రైవర్‌తో లోపలికి చూపించాడు.

పెద్దాయన తన టేబుల్ దగ్గర ఉన్నాడు. స్టెనో తలెత్తకుండా టైప్ చేస్తోంది. మూడో మనిషి ప్రింటర్ ముందు నిలబడి, పేపర్ ట్రే లాగి, చూసి, మూసి, మళ్లీ లాగుతున్నాడు.

ముంగిస బావని గుర్తుపట్టాడు. లోపలికి వెళ్లాడు.

"బావా, ఏమైనా ప్రింట్ ఇచ్చారా?"

రికార్డ్స్ ఇన్‌చార్జ్‌గా ఉన్న బావ తిరిగి చూశాడు. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో వరసగా మూడు పెన్నులు. బావమరిదిని చూస్తే ఆయనకి ఎప్పుడూ చిరాకే. "లేదు. నువ్వెందుకొచ్చావిక్కడికి?"

"మరి ట్రే ఎందుకు చూస్తున్నారు?"

"పేపర్ ఇరుక్కుందేమోనని."

"ఇవ్వని ప్రింటు ఎలా ఇరుక్కుంటుంది బావా?"

"తీగలు లాగేవాడివి, నన్ను అడిగేవాడివయ్యావా?"

"వాడు అడిగినదానికి జవాబు చెప్పు," అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి లేవకుండా.

టైపింగ్ ఆగింది. బావ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. జేబులో పెన్నులు సర్దుకోబోయాడు. ఒక పెన్ను కింద పడింది.

"ఒక్క కాగితమే కదా అన్నారు," అన్నాడు చివరికి. "నాకేమీ ఇవ్వక్కర్లేదన్నాను. ఒక్క వీసా ఇప్పించమన్నాను, అంతే. మీ అక్క ఉన్న ఊరికి. రెండేళ్లయిందిరా అది వెళ్లి. షిప్పింగ్ కంపెనీ, పని ఎక్కువ, సెలవు లేదు, ఎప్పుడూ ఇదే మాట. ఆదివారం పది నిమిషాల ఫోను. వస్తానంటే వద్దంటుంది. అక్కడ ఎలా ఉందో, ఎవరితో ఉందో. నా పెళ్లాన్ని చూడాలనుకోవడం తప్పా?"

"పొద్దున ఒక మనిషి చచ్చిపోయాడు బావా."

"నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు."

పెద్దాయన లేచాడు. తన మెషిన్‌లో తాళం తిప్పి ఒక కీ నొక్కాడు. ప్రింటర్ గుర్రుమని ఒక్క కాగితం బయటికి తోసింది. ఆ చప్పుడికి బావ ఒక అడుగు వెనక్కి వేశాడు. పెద్దాయన కాగితం తీసి, పైవరసల మీద ఒక చెయ్యి, కిందివరసల మీద ఇంకో చెయ్యి కప్పి, మధ్యలో ఒక్క వరస మాత్రం కనిపించేలా పట్టుకున్నాడు.

"ఇంతసేపు దీనికోసం ఎదురుచూశావు. తొమ్మిదోది చదువు."

బావ చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. అది ఆయన భార్య పేరు. పక్కన ఆయనెప్పుడూ వినని ఇంకో పేరు, ఆయనకి ఉత్తరాలు ఎక్కడినుంచి వస్తాయో ఆ అడ్రసు.

"షిప్పింగ్ కంపెనీ అంది," అన్నాడు.

"మీకు చెప్పొద్దంది బావా. భయపడతారని."

బావ ప్రింటర్ పక్కన నేల మీదే కూర్చుండిపోయాడు. ముంగిసకి ఆయన్ని కొట్టాలనిపించింది, పక్కన కూర్చోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. కింద పడ్డ పెన్ను తీసి ఆయన జేబులో పెట్టాడు. గార్డులు వచ్చి తీసుకెళ్లేటప్పుడు బావ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "అది బాగుందా?"

ఎవరికీ ఇంకా తెలియదు.

ముంగిస స్విచ్ రూమ్‌కి తిరిగొచ్చేసరికి ఆడిట్ మేడమ్ లేదు. తెగిన ప్లాస్టిక్ టై రాక్‌కి వేలాడుతోంది. బాబాయి వెనకే కుంటుకుంటూ వచ్చి ‘తాత్కాలికం’ స్టిక్కర్‌ని గోటితో గీకడం మొదలుపెట్టాడు. అది ఊడి రావడం లేదు. తాత్కాలికంగా అంటించిందానికి ఇంత జిగురెక్కడిదని ఆయనే తిట్టుకున్నాడు.

పన్నెండుంబావుకి ముంగిస ఫోన్ మోగింది. కొత్త నంబరు, కొత్త దేశం.

‘దాటేశాను. తిన్నావా? మీ బావని అడిగానని చెప్పు. బెంగపెట్టుకుంటాడు.’

ముంగిస ఆ అక్షరాలని రెండుసార్లు చదివాడు. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైప్ చేశాడు.

‘బావ క్షేమం అక్కా. నువ్వొచ్చేదాకా ఇక ఎక్కడికీ వెళ్లరు.’